కంప్టోమీటర్ అక్షరం తప్పు కాదు

ఈ మధ్య నేను పనిచేసి రిటైరైన ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. పాత ఉద్యోగుల రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారట. ఒక పేరు దగ్గర సందేహం వచ్చిందట. ఆ కాలంలో అక్కడ పనిచేసినవాళ్ళలో తనకు దొరికిన ఫోను నంబరు నాదే కావడంతో నన్ను అడిగింది.

"సార్, ఈ మేడమ్‌గారి హోదా దగ్గర 'కంప్టోమీటర్ ఆపరేటర్' అని ఉంది. టైపు చేసినవాళ్ళు అక్షరం తప్పు కొట్టినట్టున్నారు. 'కంప్యూటర్ ఆపరేటర్' అని దిద్దేశాను. సరిపోతుంది కదా సార్?"

"లేదమ్మా, మళ్ళీ మొదట ఉన్నట్టే రాయి" అన్నాను. ఎందుకో చెప్పడానికి అరగంట పట్టింది. ఫోను పెట్టేశాక చూసుకుంటే సగం కూడా చెప్పలేదనిపించింది. ఆ మిగిలిన సగం కోసమే ఇది రాస్తున్నాను.

ఆ మాట నేను మొదటిసారి విన్నది 1977లో, ఉద్యోగంలో చేరిన రోజునే. సీటు చూపించి కూర్చోబెట్టిన కాసేపటికి అకౌంటెంట్‌గారు దారంతో కట్టిన వోచర్ల కట్టను నా బల్ల మీద పెట్టి, "ఇది కంప్టోమీటర్‌కు ఇచ్చి రావయ్యా" అన్నారు. కంప్టోమీటర్ అంటే మనిషో వస్తువో నాకు తెలియలేదు. అడగడానికి మొహమాటపడి కట్ట పట్టుకుని నడిచాను. వరండా చివర ఒక గది ఉంది. అది అంత దూరాన ఎందుకుందో తలుపు తీయగానే అర్థమైంది. లోపల మూడు యంత్రాలు ఒకేసారి మోగుతున్నాయి. టైపు మిషను చప్పుడు ఒక్కొక్క అక్షరంగా వినిపిస్తుంది. ఇది అలా కాదు. నాలుగైదు దెబ్బలు కలిసి ఒకటై, గులకరాళ్ళు నిండిన డబ్బాను ఊపినట్టు వినిపించేది.

మూడు బల్లల వెనుక ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడ తల ఎత్తకుండానే ఎడమ చేతిని చాచి కట్ట అందుకుని, "కొత్తగా చేరావా బాబూ?" అన్నారు. అప్పటికి కూడా కుడి చేయి ఆగలేదు. ఆఫీసంతా ఆవిడను మేడమ్‌గారు అనేది. నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

ఆ యంత్రం ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దాన్ని చూసినవాళ్ళు తక్కువ. టైపు మిషను అంత ఉంటుంది, ఒక్కరే ఎత్తాలంటే నడుము పట్టుకుంటుంది. పైన వాలుగా మీటలు. మా యంత్రంలో పది నిలువు వరుసలు, వరుసకు తొమ్మిది మీటలు, అంటే మొత్తం తొంభై. కుడి చివరి వరుస ఒకట్లు, దాని పక్కది పదులు, ఆ పక్కది వందలు, అలా ఎడమకు పోతుంది. కింద చిన్న కిటికీల్లో అంకెలు కనిపిస్తాయి. కుడి పక్కన ఒక పిడి. దాన్ని ముందుకు లాగితే కిటికీలన్నీ సున్నాలవుతాయి.

తొంభై మీటల్లో సున్నాకు ఒక్కటి కూడా లేదు. మొదట నాకు అది వింతగా తోచింది. 4,007 కూడాలంటే వేల వరుసలో 4, ఒకట్ల వరుసలో 7 నొక్కితే చాలు. వందలనూ పదులనూ ముట్టుకోనక్కర్లేదు. స్థానం ముందే ఏర్పడి ఉన్నప్పుడు సున్నాతో పని లేదు. బడిలో స్థాన విలువలని వల్లె వేసిన పాఠం అసలు ఏమిటో నాకు ఆ యంత్రం ముందు కూర్చున్నాకే అర్థమైంది.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మీట నొక్కడమే కూడిక. ముందు అంకె నొక్కి, ఆ తరువాత ఏదో పిడి తిప్పడం, బద్ద నొక్కడం అంటూ ఉండవు. వేలు మీటను కిందికి నొక్కుతుండగానే ఆ అంకె మొత్తంలో కలిసిపోతుంది, హెచ్చితే పక్క వరుసకు చేరిపోతుంది. పైగా ఒక్కో వరుసలో ఒక్కో మీటను కలిపి ఒకేసారి నొక్కవచ్చు. 342 అన్న సంఖ్యను మేడమ్‌గారు మూడు వేళ్ళతో ఒకే దెబ్బలో వేసేవారు. హార్మోనియం మీద శ్రుతి పట్టినట్టు ఉండేది ఆ చేయి. కాగితం మీదున్న సంఖ్యను కన్ను ఒక్క చూపులో చదివితే చేయి ఒక్క దెబ్బలో వేసేది. చదవడానికీ కూడడానికీ నడుమ ఎడం లేదు. కంప్టోమీటర్ అన్న మాటకు అర్థం చెప్పమంటే నేను ముందుగా చెప్పేది ఇదే.

ఆ రోజుల్లో లెక్కల యంత్రాలన్నిటినీ కలిపి ఒకే మాటతో పిలిచేవాళ్ళం కాదు. యాడింగ్ మెషీన్ వేరు. దానిలో అంకెలు నొక్కితే అవి సిద్ధమై నిలుస్తాయి, పిడి లాగితేనో బద్ద నొక్కితేనో కూడిక జరిగి కాగితపు చుట్ట మీద అచ్చవుతుంది. క్యాల్క్యులేటర్ అనే మాట ఉండేది కానీ, మా నోట అది పక్కన పిడి తిప్పే యంత్రం. ముందుకు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. హెచ్చవేతలకూ భాగహారాలకూ దాన్ని వాడేవారు. ఓడ్నర్ అనే ఇంజనీరు 1870లలో రూపొందించిన పద్ధతి అది, దాని సంతతే బ్రున్స్విగా, ఫాసిట్ వంటివి. ఇవేవీ కంప్టోమీటర్ కావు. "ఇది యాడింగ్‌కు ఇవ్వండి" అంటే అచ్చయిన చుట్ట కావాలని, "కంప్టోమీటర్‌కు ఇవ్వండి" అంటే మొత్తం త్వరగా తేలాలని. మాట మారితే పని మారిపోయేది.

కంప్టోమీటర్ చుట్ట ఇవ్వదు. కిటికీలో మొత్తం కనిపిస్తుంది, పిడి లాగితే చెరిగిపోతుంది. మనం ఏమేమి కూడామో చెప్పే ఆధారమేదీ మిగలదు. అందుకని ప్రతి కట్టనూ రెండుసార్లు కూడేవారు, ఒకసారి పై నుంచి కిందికి, ఒకసారి కింది నుంచి పైకి. రెండు మొత్తాలూ ఒకటైతేనే ఎర్ర పెన్సిలుతో దాని కింద 'కం' అని రాసేవారు. కంప్టోమీటర్‌లో పొడి అక్షరం అది. ఆ గుర్తు లేని మొత్తం మీద మా అకౌంటెంట్‌గారు సంతకం పెట్టేవారు కాదు. "కం పడిందా?" అని అడిగేవారు. "ఇంకా కం పడలేదండీ" అనేవాళ్ళం. ఇలా ఒక పెద్ద మాట మా దగ్గరకు వచ్చేసరికి ఒకే అక్షరమైంది. మా ప్యూను మాత్రం 'కంటామీటరు' అనేవాడు. ప కింద ట వత్తు పెట్టి పలకడం ఎవరికైనా కష్టమే.

పేరు పుట్టుక గురించి నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. దాన్ని పెట్టినవాడు డార్ యూజీన్ ఫెల్ట్ అనే అమెరికన్. 1862లో పుట్టాడు. షికాగోలో యంత్రాల పనిచేస్తుండగా, ఇరవై రెండేళ్ళ వయసులో, 1884 చివర్లో, ఈ యంత్రం మొదటి నమూనా మొదలుపెట్టాడు. చేతిలో పెట్టుబడి లేదు. మాకరోనీ వచ్చిన చెక్క పెట్టె ఒకటి తీసుకుని, మాంసం గుచ్చే పుల్లలను మీటలుగా, రబ్బరు బ్యాండ్లను స్ప్రింగులుగా వాడి కొత్త సంవత్సరం వచ్చేనాటికి ఒక రూపానికి తెచ్చాడు. ఆ పెట్టె ఈనాటికీ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1887లో పేటెంట్లు వచ్చాయి. 1889లో రాబర్ట్ టారెంట్‌తో కలిసి ఫెల్ట్ అండ్ టారెంట్ అనే కంపెనీ పెట్టాడు. అచ్చు వేసే యంత్రం కూడా ఒకటి చేసి దానికి కంప్టోగ్రాఫ్ అని పేరు పెట్టాడు. లెక్కను రాసేది గ్రాఫ్, లెక్కను చూపేది మీటర్ అన్నమాట. ముందున్న 'కంప్ట్' ఫ్రెంచివారి లెక్కించడం అనే మాటకు దగ్గర, దాని మూలం లాటిన్‌లో ఉంది. కంప్యూటర్ అన్న మాట మూలమూ అక్కడే. కాబట్టి ఆ అమ్మాయికి రెండు మాటలూ ఒకలా కనిపించడంలో వింత లేదు, అవి ఒకే ఇంటి పిల్లలు. కానీ అక్కాచెల్లెళ్ళు ఒకరి పేరు ఒకరు పెట్టుకోరు.

కంప్టోమీటర్ అన్నది నిజానికి ఒక కంపెనీ నమోదు చేసుకున్న పేరు. మరో కంపెనీ చేసిన ఇలాంటి మీటల యంత్రాన్ని కూడా జనం కంప్టోమీటర్ అనే అన్నారు. మా గదిలోని మూడింట్లో ఒకదాని మీద వేరే పేరు ఉండేది. మేము ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు. పేరు యంత్రం నుంచి గదికి వచ్చింది, గది నుంచి మనుషులకు వచ్చింది. "కంప్టోమీటర్‌లో ఉన్నారు" అంటే గదిలో ఉన్నారని. "కంప్టోమీటర్‌వాళ్ళు రాలేదు" అంటే ఆ ముగ్గురిలో ఎవరో సెలవు పెట్టారని. కొన్ని కార్యాలయాల్లో ఆ పోస్టును కంప్టిస్ట్ అనేవారు. అంత కుదించినా అది పోస్టే. ప్రత్యేకంగా నేర్చుకుని, పరీక్ష నెగ్గితేనే వచ్చే పని. దాన్ని నేర్పడానికే ప్రపంచంలో అనేకచోట్ల బడులు ఉండేవి.

నాకు బడి మేడమ్‌గారి బల్లే. సాయంత్రం పని అయ్యాక పావుగంట కూర్చోనిచ్చేవారు. మొదటి రోజు నేను 8 కోసం వేలు పైదాకా చాచాను. ఆవిడ నా చేతి మీద పెన్సిలుతో మెల్లగా తట్టి, "పైకి వెళ్ళకు బాబూ. అయిదు దాటి నీకు పని లేదు" అన్నారు. ఎనిమిది కావాలంటే నాలుగును రెండుసార్లు. ఏడు కావాలంటే నాలుగు, మూడు. తొమ్మిదికి అయిదు, నాలుగు. పైనున్న నాలుగు మీటలనూ అనుభవం ఉన్నవాళ్ళు దాదాపు ముట్టుకోరు. చేయి ఒకే ఎత్తులో ఉండిపోతుంది, కన్ను కాగితం మీద ఉండిపోతుంది. ఒక అంకెకు రెండు దెబ్బలు ఎక్కువ కాదా అని అడిగాను. "రెండు దెబ్బలు చిన్నవి. ఒక వెతుకులాట పెద్దది" అన్నారు. నేను ఆ తరువాత ఎన్నో పనుల్లో ఆ మాట తలుచుకున్నాను.

చూడకుండా మీట తెలియడం ఎలా అంటే దానికీ ఏర్పాటు ఉంది. బేసి అంకెల మీటలు కొద్దిగా గుంటగా ఉంటాయి, సరి అంకెలవి చదునుగా ఉంటాయి. వేలి కొనకు గుంట తగిలితే ఒకటో మూడో అయిదో, చదును తగిలితే రెండో నాలుగో. అయిదు వరకే వాడితే ఆ తేడా చాలు, చేయి తప్పదు. నాకు ఆ స్పర్శ పట్టుబడడానికి మూడు నెలలు పట్టింది. పట్టుబడిన సాయంత్రం నేను కళ్ళు మూసుకుని ఒక పేజీ అంకెలు ఆవిడ చదువుతుంటే వేశాను. మొత్తం సరిపోయింది. "ఇప్పుడు వేళ్ళు నీవి అయ్యాయి" అన్నారు.

మీటను సగం నొక్కి వదిలేస్తే యంత్రం ఊరుకునేది కాదు. మిగతా వరుసలు బిగుసుకుపోయేవి. తప్పిన మీటను వెతికి పూర్తిగా నొక్కి, విడిపించే మీట నొక్కాకే మళ్ళీ కదిలేది. తప్పును దాచుకుని ముందుకు పోనివ్వని ఆ గుణం నాకు ఇష్టం. అది లేని పాత యంత్రాల్లో ఆపరేటరు చేతి బలం మీదే మొత్తం ఆధారపడి ఉండేదట.

ఇక తీసివేత. కూడడం ఒక్కటే తెలిసిన యంత్రం చేత తీసివేత చేయించడం నేను చూసిన లెక్కల విద్యల్లో అందమైనది. ప్రతి మీట మీదా పెద్ద అంకె పక్కన చిన్న అంకె ఒకటి ఉండేది. రెండూ కలిపితే తొమ్మిది. 7 మీట మీద చిన్న 2, 1 మీట మీద చిన్న 8, 9 మీట మీద చిన్న 0. ఉదాహరణకు 746లోంచి 283 తీసేయాలి. ముందు 746 వేస్తాం. 283 కంటే ఒకటి తక్కువ, అంటే 282ను చిన్న అంకెల్లో చూసి నొక్కుతాం. చిన్న 2, చిన్న 8, చిన్న 2 ఉన్న మీటలు పెద్ద అంకెల్లో 7, 1, 7. అంటే యంత్రం 717 కూడింది. 746కు 717 కలిపితే 1,463. ఎడమన రావలసిన ఆ ఒకటిని పక్క వరుసకు పోకుండా అక్కడున్న చిన్న నాలుకను వేలితో పట్టి ఆపుతాం. మిగిలేది 463. సరిగ్గా జవాబు. నాకు దీని వెనకున్న కారణం ఒక పట్టాన తలకెక్కలేదు. వెయ్యిలోంచి ఒక సంఖ్య తీసేసి మిగిలినదాన్ని కూడి, చివరికి ఆ వెయ్యిని వదిలేస్తే ఆ సంఖ్యను తీసేసినట్టే కదా, అంతే. ఇప్పటి కంప్యూటర్లు లోలోపల తీసివేతను కూడికగా మార్చుకునేదీ ఈ దారినే, 0, 1 అనే రెండే అంకెలుండే లెక్కలో. మేడమ్‌గారు ఆ పని రోజూ వేళ్ళతో చేసేవారు, ఒకటి తగ్గించడం, చిన్న అంకె చూడడం, నాలుక పట్టడం, మూడూ ఒక్క ఊపులో.

హెచ్చవేతా అంతే. 347ను 26తో హెచ్చవేయాలంటే 3, 4, 7 మీటల మీద మూడు వేళ్ళూ పెట్టి ఆరుసార్లు నొక్కి, చేతిని ఒక వరుస ఎడమకు జరిపి రెండుసార్లు నొక్కితే కిటికీలో 9,022. జరపడంలోనే పది ఉంది.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. సంవత్సరాంతపు లెక్కలు. రెండు వైపులా మొత్తాలు కలవలేదు, 5,400 తేడా. కంప్టోమీటర్ గదికి పంపితే అక్కడా అదే తేడా. మళ్ళీ కూడితే మళ్ళీ అదే. అకౌంటెంట్‌గారు, "యంత్రమే ఎక్కడో పట్టేసుకుని ఉంటుంది" అన్నారు. మేడమ్‌గారు లేచి వచ్చి తేడా రాసిన కాగితం తీసుకుని కాసేపు చూశారు. ఒక్క మీట కూడా నొక్కలేదు.

"ఇది తొమ్మిదితో పోతుంది" అన్నారు. "ఆరువందల తొమ్మిదులు. అంకెలు అటూ ఇటూ అయిన తప్పు అయి ఉంటుంది. చివర రెండు సున్నాలున్నాయి కాబట్టి మారింది వేలూ వందలూ. ఆ రెండు అంకెల మధ్యా తేడా ఆరు. ఒకటీ ఏడూ, రెండూ ఎనిమిదీ, మూడూ తొమ్మిదీ ఉన్నవి చూడు. సున్నా, ఆరూ కూడా చూడు."

నేను వేలు పెట్టుకుంటూ లెడ్జరు చూశాను. నాలుగో పేజీలో 2,817 దొరికింది. వోచరు తీస్తే 8,217. రాసినవాణ్ణి నేనే. ఎనిమిదీ రెండూ తారుమారు చేసి ఎక్కించాను. ఎంతసేపు కూడినా యంత్రానికి తెలిసేది కాదు, ఎందుకంటే దానికి అందిన అంకె తప్పు. ఆవిడకు తెలిసింది, ఎందుకంటే అంకెలు ఎలా తప్పుతాయో ఆవిడకు తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. దిద్దిన మొత్తాన్ని రెండుసార్లు కూడి కం రాసి ఇచ్చారు. ఆపరేటరు అంటే యంత్రం ఆడించేవాళ్ళని అనుకుంటారు. ఆ రాత్రి నుంచి నేను అలా అనుకోలేదు.

ఎలక్ట్రానిక్ యంత్రాలు ప్రపంచంలోకి వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. 1961లో బ్రిటన్‌లో బెల్ పంచ్ కంపెనీ అనిటా అనే పేరుతో పూర్తిగా ఎలక్ట్రానిక్ బల్ల క్యాల్క్యులేటర్‌ను తెచ్చింది. దాని బొమ్మ చూశాక నాకు ఆశ్చర్యం వేసింది. లోపల అంతా కొత్తదే, పైన మాత్రం కంప్టోమీటర్‌లాగే నిలువు వరుసల మీటలు. చేయి అలవాటుపడిన మనుషులను దృష్టిలో పెట్టుకుని చేసి ఉంటారు. తరువాతి యంత్రాలు ఆ మర్యాద వదిలేసి పది మీటలకు దిగాయి. ఆ పది మీటల అమరిక, పైన 7, 8, 9 ఉన్నది, 1914 నాటి సండ్‌స్ట్రాండ్ యాడింగ్ మెషీన్‌ది. ఈనాటి క్యాల్క్యులేటర్ల మీదా కంప్యూటరు కీబోర్డుల కుడి పక్కనా అదే ఉంది. అంటే ఇల్లు మిగిలింది యాడింగ్ మెషీన్‌కు.

మా సెక్షన్‌కు మొదటి ఎలక్ట్రానిక్ క్యాల్క్యులేటర్ వచ్చినప్పుడు దాన్ని మేడమ్‌గారి బల్ల మీదే పెట్టారు. ఆవిడ ఒక వోచరు తీసుకుని 5,000 నొక్కారు. ఒక అయిదు, మూడు సున్నాలు. ఆగి నా వైపు చూశారు.

"సున్నాలకూ దెబ్బ వేయాలా బాబూ?"

ఫిర్యాదుగా అనలేదు. నిజంగానే అడిగారు. కంప్టోమీటర్ మీద అది ఒక్క వేలు, ఒక్క దెబ్బ. కొత్త యంత్రం మీద ఒకదాని తరువాత ఒకటి నాలుగు. ఒక్కో అంకె వరుసలో నిలబడి రావాలి. ఆవిడ ఇన్నేళ్ళు నేర్చుకున్న శ్రుతి దానికి అక్కరలేదు. అయినా పది రోజుల్లో అందరికంటే వేగంగా దాన్నీ వాడారు. పెద్ద పేజీలకు మాత్రం ఇంకా రెండేళ్ళు పాత యంత్రాన్నే తీశారు. పందెం పెట్టి ఎవరూ చూడలేదు కానీ, నాకు గుర్తున్నంతవరకు పేజీ చివరికి ముందు చేరింది పాతదే.

తరువాత యంత్రాలు పాడైతే బాగుచేసే మనిషి రావడం మానేశాడు. ఒకటి ఆగింది, రెండోది ఆగింది. మూడోది ఎప్పుడు తీసుకెళ్ళారో నేను చూడలేదు. సెలవు నుంచి వచ్చేసరికి బల్ల మీద దాని నాలుగు కాళ్ళ గుర్తులే ఉన్నాయి.

మాట మాత్రం అంత తొందరగా పోలేదు. యంత్రం లేకపోయినా ఆ గది కంప్టోమీటర్ గదే. అందులో కాగితాల కట్టలు వేసి పెట్టిన రోజుల్లోనూ "కంప్టోమీటర్‌లో వెతకండి" అనేవాళ్ళం. క్యాల్క్యులేటర్ మీద కూడిన మొత్తం కిందా కం అనే రాసేవాళ్ళం. కొత్తగా వచ్చిన పిల్లలకు అది దేనికి పొడి అక్షరమో తెలియదు. ఒకరు 'కరెక్ట్' అనుకున్నారు. కంప్యూటర్లు వచ్చాక మరొకరు 'కంప్యూటర్' అనుకున్నారు. ఎవరు ఏమనుకున్నా ఆ గుర్తు లేనిదే మొత్తాన్ని నమ్మకపోవడం మాత్రం సాగింది. మేడమ్‌గారు రిటైరయ్యేవరకు ఆవిడ హోదా కూడా మారలేదు. చేతిలో యంత్రం మారినా కాగితం మీద కంప్టోమీటర్ ఆపరేటరే.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలనిపిస్తోంది. కంప్యూటర్ అన్న మాట ఇంగ్లిష్‌లో పదిహేడో శతాబ్దం నుంచి ఉంది, అప్పుడు దానికి అర్థం లెక్కలు కట్టే మనిషి. ఖగోళశాలల్లో, సర్వేల్లో గంటల తరబడి కూర్చుని గణితం చేసినవాళ్ళను, వాళ్ళలో ఎందరో ఆడవాళ్ళను, కంప్యూటర్లు అనేవారు. మనిషికి ఉన్న పేరును యంత్రం తీసుకుంది. కంప్టోమీటర్ దారి దీనికి తిరుగుడు. అది పుట్టుకతోనే యంత్రం పేరు. దాని ముందు కూర్చున్నవాళ్ళ చేతుల వల్ల మనుషుల పేరు అయింది. నేను ఆ అమ్మాయికి ఫోనులో చెప్పలేకపోయినది ఇదే. మేడమ్‌గారి హోదాలోని ఆ మాటను దిద్దితే అక్షరాలు రెండు మారతాయంతే అనిపిస్తుంది. కానీ ఆవిడ ఎప్పుడూ ముట్టుకోని యంత్రం పేరు ఆవిడకు పెట్టి, మూడు దశాబ్దాలు వేళ్ళకు పట్టిన విద్య పేరు తీసేసినట్టవుతుంది.

వారం తరువాత ఆ అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. మాటను పాత రూపంలోనే ఉంచిందట. పక్కన చిన్న వివరణ కూడా రాసిందట: మీట నొక్కితే వెంటనే కూడే యంత్రం మీద పనిచేసేవారు, అని. నాకు చాలా సంతోషమైంది. అంతకంటే బాగా నేనూ రాయలేను.

"సార్, ఇంకొకటి. పాత లెడ్జర్లు కూడా స్కాన్ చేస్తున్నాం. ప్రతి మొత్తం కిందా ఎర్రగా 'కం' అని ఉంది. అది ఇదేనా?"

"అదే" అన్నాను.

ఒక పేజీ ఫోటో పంపింది. పెద్దది చేసి చూశాను. అంకెలు వేరెవరివో. కింది గుర్తు మేడమ్‌గారిదే. క తలకట్టు కొంచెం పైకి లేచి ఉంది, పక్కన సున్నా మాత్రం ఎక్కడా ఎడం లేకుండా, మొదలూ చివరా తెలియకుండా గుండ్రంగా కలిసిపోయింది.